గెర్టీ చేపా, జడ్జిగారి భిన్నాభిప్రాయమూ

ఆర్వెడ్ నైక్విస్ట్ గారు ఒప్పుకున్న సంగతి ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఇది మార్లిస్ టోఫ్టె అభిప్రాయం. దీన్ని కూడా ఆయన ఒప్పుకోరు.

ఆయన రాష్ట్ర అప్పీలు కోర్టులో జడ్జిగా చేసి రిటైరయ్యారు. ఆ కోర్టులో ప్రతి కేసునూ ముగ్గురు జడ్జీలు కూర్చుని వింటారు. ఇద్దరు అవునంటే తీర్పు అయిపోయినట్టే. మూడో ఆయన కాదంటే, ఆ కాదన్న మాట కూడా తీర్పు కిందే అచ్చవుతుంది. దానివల్ల ఏదీ మారదు. గెలిచినవాళ్లు గెలిచినట్టే, ఓడినవాళ్లు ఓడినట్టే. మన ఆర్వెడ్ గారు ఉద్యోగమంతా ఆ మూడో కుర్చీలోనే గడిపారు. రిటైరయ్యాక కుర్చీ పోయింది గానీ అలవాటు పోలేదు. అది ఆయన వెంటే మినసోటాలోని హాల్వర్ లేక్ అనే ఈ చిన్న ఊరికి వచ్చి, మార్లిస్ హోటల్లో కౌంటరు ముందున్న చివరి స్టూలెక్కి కూర్చుంది.

"ఇవాళ చలి బాగా ఎక్కువగా ఉంది కదా జడ్జిగారూ?"

"నాది భిన్నాభిప్రాయం. చలి నిన్నటంతే ఉంది. గాలి ఎక్కువైంది."

"కాఫీ వేడిగా ఉందా?"

"వేడిగా ఉందన్న వాదనతో ఏకీభవించలేను. వేడిగా ఉండేదన్నంత వరకు అంగీకరిస్తాను."

ఆయన పెళ్లి కథ ఊరంతటికీ తెలుసు. చర్చిలో పాస్టరు, "ఈ జంటను దేవుడే కలిపాడు, ఒప్పుకుంటావా నాయనా?" అని అడిగాడట. కుర్ర లాయరు ఆర్వెడ్ కాసేపు ఆలోచించి, "ఫలితంతో ఏకీభవిస్తున్నాను. కారణాలతో కాదు. మమ్మల్ని కలిపింది మా అత్తయ్య" అన్నాడట. పెళ్లికూతురు వెర్నా నవ్వు ఆపుకోలేక పూలగుత్తిలో ముఖం దాచుకుందట. ఆవిడ ఇప్పటికీ ఆయన్ని పొద్దున్నే ఇంట్లోంచి తోలేస్తుంది. "వెళ్లండి, వెళ్లి మార్లిస్‌తో విభేదించి రండి. ఇంట్లో మెజారిటీ నేనే" అంటుంది.

ఇల్లు ఎంతో దూరం లేదు. హోటలుకి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల. మార్లిస్ వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన గరాజు కప్పు కనిపిస్తుంది. ఆయన కిటికీలోంచి చూస్తే మార్లిస్ హోటలు కప్పు, దాని మీద గెర్టీ కనిపిస్తాయి.

గెర్టీ అంటే చేప. మార్లిస్ నాన్న సెల్మర్ కోళ్ల గూటికి వాడే తీగ వల, ఫైబర్‌గ్లాసు, పడవలకు పూసే రంగు కలిపి ఒక చలికాలమంతా గరాజులో కూర్చుని చేసిన వాలై చేప, ఆ సరస్సుల్లో జాలర్లందరూ కోరుకునే రకం. పొడవు ఒక మంచి పడవంత ఉంటుంది. నోరు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది కాబట్టి దానికి తన అత్తగారి పేరు పెట్టుకున్నాడు. కళ్లకి తన పాత ట్రక్కు హెడ్‌లైట్లు బిగించాడు. సాయంకాలం మార్లిస్ మీట నొక్కగానే ఆ కళ్లు మెల్లగా పసుపు రంగులోకి మేలుకుంటాయి. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతున్న వాళ్లు ఆ వెలుగు చూసి ఒడ్డు ఎటుందో తెలుసుకుంటారు. నాన్న పోయాక ఆ మీట నొక్కడం మార్లిస్‌కి ఆయనతో 'పొద్దుపోయింది, ఇక లోపలికి రా నాన్నా' అని చెప్పినట్టుండేది.

జడ్జిగారికి గెర్టీ మీద కూడా భిన్నాభిప్రాయమే. "అది వాలై చేప కాదు. ఆ దవడ చూడు. మహా అయితే బాతుమూతి పైక్ చేప."

"మా నాన్న పుట్టినప్పట్నుంచి వాలై పట్టినవాడు!"

"పట్టినవాడే. బొమ్మ చేసేటప్పుడు ఏది గుర్తొచ్చిందో ఆయనకే తెలియాలి."

మార్లిస్ కాఫీ పాత్ర ఠప్పున పెట్టేది. ఆయన మాత్రం కప్పు ముందుకి జరిపేవారు.

సోమవారం పొద్దున ఆయనకి పండగ. ఆ రోజే అప్పీలు కోర్టు కొత్త తీర్పులు బయటపెడుతుంది. ఆయన వాటిని చంకలో పెట్టుకుని, మంచు బూట్లు దులుపుకుంటూ వస్తారు. పక్క స్టూలు మీద లవోన్ ఉంటుంది. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపింది. గొంతు ఇప్పటికీ చివరి సీటు దాకా వినిపిస్తుంది. ఆ పక్కన డువేన్, ఊళ్లో మంగలి షాపు ఆయనదే. మూడు స్టూళ్లు, ముగ్గురు జడ్జీలు. మార్లిస్ చెంచాతో పంచదార సీసా మీద కొడితే కోర్టు మొదలైనట్టు.

"విషయం ఇదీ," అన్నారు జడ్జిగారు ఒక సోమవారం. "ఒక కుర్రాడు గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసెలో ఒక పిల్లని పెళ్లాడమని అడిగాడు. సరేనంది. ఉంగరం తొడిగాడు. కొన్నాళ్లకి ఆ పిల్ల మనసు మార్చుకుంది. అదే గుడిసెకి వచ్చి, అతని ఎదురుగానే, మంచులో తవ్విన కన్నంలోకి ఉంగరం జారవిడిచింది. నష్టం ఎవరు భరించాలి?"

"ఆ పిల్లే," అన్నాడు డువేన్. "పెళ్లి కాలేదంటే ఉంగరం ఇంకా కుర్రాడిదే."

"ఏ మాత్రం సందేహం లేదు," అంది లవోన్. "పెళ్లి వద్దనుకుంటే వద్దనాలి. ఉంగరమేం చేసింది పాపం?"

"నాది భిన్నాభిప్రాయం," అన్నారు జడ్జిగారు.

"అసలు కోర్టు ఏమందో చెప్పండి ముందు!"

"మీరన్నదే అంది."

"మరి మీ బాధేమిటి?"

"పారేయాలనుకుంటే రోడ్డు మీదే పారేసేది. ఆ చలిలో మంచు మీద అంతదూరం నడిచి వెళ్లింది. ఎక్కడ తీసుకుందో అక్కడే తిరిగి ఇచ్చింది. అతను చెయ్యి చాచలేదు, అంతే."

లవోన్ పెదవి విరిచింది.

ఇంకో సోమవారం, తప్పతాగి గడ్డి కోసే బండి మీద రొట్టెల దుకాణానికి బయల్దేరిన ముసలాయన కేసు. గడ్డి కోసే బండి కూడా వాహనమే, తాగి నడపడం నేరమే అంది కోర్టు. స్టూళ్లు కూడా అదే అన్నాయి. "నాది భిన్నాభిప్రాయం," అన్నారు ఆర్వెడ్ గారు. "బాతులు కూడా ఆయన్ని దాటిపోయాయని సాక్ష్యం ఉంది. పైగా ప్రతి మలుపులోనూ చెయ్యి చాచి సైగ చేశాడు. చక్రాల కుర్చీ అయితే ఇదే తీర్పు ఇస్తారా?"

మరో వారం, తన పడవని 'నా కొడుకుల్లో మంచి జాలరికి' అని రాసిపోయిన తండ్రి వీలునామా. పెద్ద చేప పట్టిన పెద్దకొడుక్కే పడవ అంది కోర్టు. జడ్జిగారు, పట్టిన చేపల్ని మళ్లీ నీళ్లలోకి వదిలేసే చిన్నకొడుకు పక్షం పట్టారు. "చేపల్ని అడిగితే ఎవరు మంచి జాలరంటాయి?" అని వాదించారు.

"చేపల ఓటు లెక్కలోకి రాదు జడ్జిగారూ!" అంది లవోన్.

"అదే నా ఫిర్యాదు."

మార్లిస్‌కి విసుగు పుట్టేది. ఎవరు ఓడితే వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోవడం ఏమిటి? ఈయన కాదన్నందువల్ల ఇన్నేళ్లలో ఒక్కడికైనా ఉంగరం తిరిగి వచ్చిందా, పడవ దక్కిందా?

అంతలో ఆవిడే కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఊరి కౌన్సిలు వీధిని ముచ్చటగా తీర్చిదిద్దాలని కొత్త నిబంధన పెట్టింది. వ్యాపారం జరిగే భవనాల కప్పుల మీద ప్రకటన బోర్డులు ఉండకూడదట. హోటల్లో శుక్రవారం శుక్రవారం వేయించిన చేప అమ్ముతారు. కప్పు మీద చేప ఉంది. కాబట్టి ఆ చేప ప్రకటన అంది కౌన్సిలు. "అది ప్రకటన కాదు, మా నాన్న!" అంది మార్లిస్. జిల్లా కోర్టులో ఓడిపోయింది. లాయరుని పెట్టుకుని అప్పీలుకి వెళ్లింది. అక్కడా పోతే గెర్టీని దింపేయాలి. ఊరి చెత్త పోగుచేసే చోటు తప్ప దాన్ని పెట్టేంత జాగా ఆవిడకెక్కడా లేదు. హోటలు మీదే ఒక గదిలో ఉంటుంది మరి.

"మీరేమంటారు జడ్జిగారూ?" అని ఆశగా అడిగింది.

లోకంలో ప్రతిదాని మీదా అభిప్రాయమున్న మనిషి కాఫీ కప్పు కిందపెట్టారు. "విచారణలో ఉన్న కేసు. నేను పనిచేసిన కోర్టు. నేనేమీ అనకూడదు."

"ఒక్క మాట కూడానా?"

"ఒక్క మాట కూడా."

"ఉంగరం గురించి పొద్దంతా మాట్లాడతారు. నా చేప దగ్గరికొచ్చేసరికి మీ నోరు పడిపోయిందా?"

ఆయన జవాబివ్వలేదు. ఆ చలికాలమంతా ఇవ్వలేదు. వింత ఏమిటంటే, గెర్టీ వాలై చేపా, పైక్ చేపా అన్న గొడవ కూడా మానేశారు. ఆ మౌనం మార్లిస్‌కి ముల్లులా గుచ్చుకుంది. కాఫీ పోసేది గానీ, వేడిగా ఉందా అని అడగడం మానేసింది.

సరస్సు మీద మంచు పలచబడి, దాని కింద నీళ్లు నీలంగా కదలడం కనిపిస్తున్న ఒక సోమవారం ఫోను మోగింది. లాయరు. మార్లిస్ వింది. "ముగ్గురూనా?" అంది. మళ్లీ వింది. "ఒక్కరు కూడా...?" అంది. ఫోను పెట్టేసింది.

"ఏమైంది పిల్లా?" అంది లవోన్.

"పోయింది. ముగ్గురికి ముగ్గురూ." మార్లిస్ తడిగుడ్డ తీసుకుని తుడిచిన కౌంటరే మళ్లీ తుడిచింది. "ఓడిపోతానని అనుకున్నానులే. కానీ ముగ్గురు మనుషులు మా నాన్న చేపని కూర్చుని చూశారు కదా. ఒక్కరికి, ఒక్కరికైనా, పోనీలే పాపం అనిపించలేదా?"

అప్పుడే తలుపు గంట మోగింది. జడ్జిగారు బూట్లు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. చంకలో తీర్పుల కట్ట లేదు.

"పై కోర్టుకి వెళ్తున్నావా మార్లిస్?"

"లేదు. లాభం లేదన్నాడు లాయరు."

"అంటే కేసు ముగిసింది."

"ముగిసిందిగా, సంతోషమా?"

"ఇక నేను మాట్లాడొచ్చు," అన్నారాయన. స్టూలెక్కలేదు. నించునే టోపీ తీశారు. తెల్ల జుట్టు గాలికి చెదిరి పిచ్చుక గూడులా ఉంది. మార్లిస్‌ని చెంచా అడిగి తీసుకుని, పంచదార సీసా మీద ఒక్కసారి కొట్టారు.

"నాది భిన్నాభిప్రాయం. నా గౌరవనీయ సహచరులు దీన్ని ప్రకటన అన్నారు. ప్రకటన అనేది 'లోపలికి వచ్చి కొనుక్కోండి' అని చెబుతుంది. ఈ చేప ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. సాయంకాలం పూట, హోటలు మూసేశాక, కళ్లు వెలిగించుకుని సరస్సు వైపు చూస్తూ 'ఇంటికి రండి' అని చెప్పింది. మూసిన దుకాణానికి ఎవడూ ప్రకటన ఇచ్చుకోడు. మంచు తుఫానులో ఆ కళ్లు చూసి ఒడ్డు చేరినవాళ్లలో వేయించిన చేప కోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు. నేనూ ఒకసారి అలా వచ్చినవాణ్ణే. ఒక తండ్రి చలికాలమంతా కూర్చుని చేసినదాన్ని బోర్డుల కొలబద్దతో కొలిచే నిబంధన ఉండొచ్చు. ఆ కొలత సరైనదే కావచ్చు. ఆ కొలతలోకి రానిది ఒకటి ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. చెబుతున్నాను. ఇంకొక్క మాట. అది వాలై చేపే."

మార్లిస్ గుడ్డతో కౌంటరు బదులు కళ్లు తుడుచుకుని, "ఛీ, దీనికి ఉల్లిపాయల వాసన" అంది.

లవోన్ గొంతు సవరించుకుంది. "'ఆ బస్సు ఆలస్యమైన మాట నిజం. కానీ తల్లిబాతూ పిల్లలూ రోడ్డు దాటేదాకా ఆగడం చూసిన పిల్లలు, ఆ రోజు పాఠం ఒకటి పోగొట్టుకున్నారని నేననుకోను.' ఇదీ నాది. నన్ను బస్సు ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు కోర్టులో ఇద్దరు నిజమే, తీసేయాల్సిందే అన్నారు. ఈయన ఇది రాశాడు. ఉద్యోగం రాలేదనుకో. నాకు మాత్రం ఇప్పటికీ కంఠతా వచ్చు."

మార్లిస్ డువేన్ వైపు తిరిగింది. డువేన్ నెత్తి గోక్కున్నాడు. "నాది ఆపిల్ చెట్టు. కొమ్మలు పక్కింట్లోకి పోయాయని కొట్టేయమన్నారు. ఈయనొక్కడే, పళ్లు రాలినన్నాళ్లూ పక్కాయన నోరు మెదపలేదే అని రాశాడు. తర్వాత ఈయన మనూళ్లో దిగాడని తెలిసి చూడ్డానికి వచ్చా. ఆ రోజే ఈ స్టూలెక్కా."

మార్లిస్‌కి ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఆకులు రాలే కాలంలో తేనె సీసా పట్టుకొచ్చి జడ్జిగారి భుజం తట్టి వెళ్లే పొడుగు మనిషి. రెండు జిల్లాల అవతల్నుంచి వచ్చి, ఒక కాఫీ తాగి, పెద్దగా ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయే ముసలి దంపతులు. జడ్జిగారికి చుట్టాలు బాగా ఉన్నారే అనుకునేది. వాళ్లు చుట్టాలు కారు. ఓడిపోయినవాళ్లు.

"అందుకా మీరు ఎప్పుడూ...?" అంది.

"కాదు," అన్నారాయన, చెవులు ఎర్రబడగా. "అంతా చట్టం ప్రకారమే రాశాను. ప్రతి కేసులోనూ ఓడినవాడి దగ్గర కూడా ఒక నిజం ఉంటుంది. దాన్ని ఎక్కడా రాయకుండా ఫైలు మూసేయడం శుభ్రమైన పని కాదు. అంతే. కాఫీ ఉందా?"

"వేడిగా ఉంది."

"చూద్దాం. ఇకపోతే, తీర్పు చివర ఫుట్‌నోటు ఎవరైనా చదివారా? ఎవరూ చదవరు. ఈ నిబంధన వ్యాపార భవనాలకే, నివాస గృహాల మీది అలంకారాల సంగతి మేము తేల్చడం లేదు అని ఉంది. మా గరాజు నివాస గృహంలో భాగం. అందులో మేము చేపలు అమ్మం."

అర్థం కావడానికి మార్లిస్‌కి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యేసరికి అవతల కిటికీ తెరుచుకుని వెర్నా కేక వినిపించింది: "ఆర్వెడ్! ఆ చేపని మన నెత్తి మీద పెడుతున్నట్టు అప్పుడే చెప్పేశారా? దాన్ని కడిగి మరీ పంపమనండి!"

సరస్సులోంచి పడవలు కట్టేసే చెక్క వంతెనల్ని ఎత్తే ట్రక్కొకటి తెచ్చి, గెర్టీని నడుముకి పట్టీలు కట్టి లేపారు. వీధికి అడ్డంగా గాల్లో తేలుతూ అది దాటుతుంటే ఊరు ఊరంతా తలలెత్తి చూసింది. వసంతకాలపు ఎండలో దాని పొలుసులు అప్పుడే నీళ్లలోంచి పట్టిన చేపవిలా మెరిశాయి. గరాజు కప్పు మీద దించబోతుండగా వచ్చింది అసలు తగువు: తల ఎటు?

"సరస్సు వైపు," అంది లవోన్. "చీకట్లో దారి తెలియాలా వద్దా?"

"సరస్సు వైపే," అన్నాడు డువేన్.

"నాది భిన్నాభిప్రాయం," అన్నారు జడ్జిగారు. "హోటలు వైపు. అది సెల్మర్ చేసింది. మార్లిస్ వంటింట్లోంచి చూస్తే ముఖం కనబడాలి, తోక కాదు."

"ఇద్దరికి ఒక్కరు. మీరు ఓడిపోయారు!"

"కప్పు నాది," అన్నారు జడ్జిగారు.

కక్షిదారుని కాబట్టి నాకు ఓటు లేదని మార్లిస్ తప్పుకుంది. గెర్టీ తల హోటలు వైపే తిరిగింది. జీవితంలో మొదటిసారి ఆర్వెడ్ నైక్విస్ట్ భిన్నాభిప్రాయం నెగ్గింది.

నెగ్గాక ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. ఆ వారమంతా కొత్త బూట్లు కరిచినవాడిలా తిరిగారు. కాఫీ చల్లగా ఉన్నా ఏమీ అనలేదు. ఇక లవోన్ సంగతి సరేసరి. ముఖం మాడ్చుకుని ఆయనకీ తనకీ మధ్య కెచప్ సీసా అడ్డంగా పెట్టుకుంది.

సోమవారం వచ్చింది. మార్లిస్ చెంచాతో సీసా మీద కొట్టింది. జడ్జిగారు తీర్పుల కట్ట విప్పలేదు.

"ముందుగా చేప తల కేసు," అన్నారు. "ఆ తీర్పు ఇచ్చింది నేనే. దానితో నాది భిన్నాభిప్రాయం."

డువేన్ చేతిలో బిస్కెట్టు కాఫీలో పడిపోయింది.

"మంచు మీద దారితప్పినవాడికి వంటింటి కిటికీతో పనిలేదు, వెలుగుతో పని. ఆ మాట లవోన్ చెప్పింది. ఆమె చెప్పింది నిజం. ఆమెకి ఇల్లు ఎటో తెలియని పిల్లల్ని ఎన్నో ఏళ్లు ఇళ్లకి చేర్చిన అనుభవం ఉంది. కప్పు నాదని నేనన్నది వాదన కాదు, దబాయింపు."

లవోన్ కెచప్ సీసా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. "అయితే చేపని తిప్పుతారా?"

"తిప్పను. తీర్పు తీర్పే."

"మరి ఈ ఉపన్యాసం ఎందుకయ్యా మహానుభావా!"

"రికార్డు కోసం."

లవోన్ ఆ బస్సు గొంతుతో ఒక్కసారిగా నవ్వేసి, కెచప్ సీసా పక్కకి తీసి, పంచదార ఆయన ముందుకి తోసింది. "సరేలెండి. ఓడిపోయినా నాకిప్పుడు తృప్తిగా ఉంది."

మార్లిస్ కాఫీ పాత్ర తెచ్చి ఆయన కప్పు నింపింది. ఆవిరి లేచి కిటికీకి పట్టింది. ఆవిడ మోచేత్తో తుడిస్తే, వీధికి అవతల గెర్టీ నోరు తెరుచుకుని తన వంటింట్లోకే చూస్తోంది.

"కాఫీ ఎలా ఉంది జడ్జిగారూ? బాగుందా?"

ఆయన ఒక గుక్క తాగారు. చాలాసేపు ఆలోచించారు.

"ఫలితంతో ఏకీభవిస్తున్నాను," అన్నారు. "కారణాలు ఇంకా పరిశీలనలో ఉన్నాయి."